ఆట – ఆలోచన

పాఠ్యభాగ పరిచయం

ఆట తీరిక వేళకు మాత్రమే చెందిన వ్యాపారమనీ, చదువుకూ ఆలోచనకూ అది విరోధి అనీ లోకంలో ఒక భావన పాతుకుపోయింది. భాషను, సాహిత్యాన్ని, శాస్త్ర చరిత్రను పరిశీలిస్తే ఈ భావన నిలువదని తెలుస్తుంది. తెలుగువారి నుడికారంలో ఆటకు ఉన్న స్థానాన్ని, ఆటకూ బుద్ధికీ ఉన్న సంబంధాన్ని, ఆట జూదంగా మారినప్పుడు కలిగే అనర్థాన్ని, నేటి విద్యార్థి జీవితంలో ఆటకు ఏర్పడిన కొరతను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'ఆడు' అనే క్రియ

తెలుగు నుడికారంలో 'ఆడు' అనే క్రియకు ఉన్న వ్యాప్తి ఆశ్చర్యం గొలుపుతుంది. పిల్లలు గోళీలు ఆడతారు. నర్తకి రంగస్థలం మీద ఆడుతుంది. నటులు నాటకం ఆడతారు. జనం మెచ్చిన సినిమా వంద రోజులు ఆడుతుంది. తెలంగాణ స్త్రీలు భాద్రపద అమావాస్య మొదలుకొని తొమ్మిది దినాలు బతుకమ్మ ఆడతారు. సత్యసంధుడు ఆడిన మాట తప్పడు. వరుడు వధువును పెండ్లాడతాడు. ప్రాణమున్నంత వరకు ఊపిరి ఆడుతుంది. మాట్లాడటం, పోరాడటం, వేటాడటం, వెతుకులాడటం, బతిమాలాడటం – ఇన్ని పనుల చివర ఆ క్రియ వచ్చి నిలిచింది. ఈ మాటలన్నిటా క్రీడ అనే అర్థమే ఉన్నదని చెప్పరాదు. చలనం, వ్యవహారం, పలుకు అనే అర్థాలు సందర్భాన్ని బట్టి ముందుకు వస్తాయి. అయినా, బ్రతుకులోని ఇన్ని కదలికలకు ఒకే క్రియను వాడుకొన్న జాతి ఆటను జీవితానికి వెలుపల పెట్టి చూడలేదన్నది స్పష్టం.

జాతీయాలు కూడా ఈ మాటను బలపరుస్తాయి. ప్రత్యర్థికి మార్గం మూసుకుపోతే 'ఆటకట్టు' అంటారు. ఉపాయానికి ప్రత్యుపాయం పన్నడం 'ఎత్తుకు పైఎత్తు'. తలచినది నెరవేరితే 'పాచిక పారింది' అంటారు. ఒకరి స్వార్థానికి మరొకరు 'పావు' అవుతారు. పాఠాల నడుమ లభించే విరామం 'ఆటవిడుపు'. తెలుగు పద్యానికి సొగసు తెచ్చిన ఉపజాతులలో ఒకదాని పేరు 'ఆటవెలది'. వేమన పద్యాలు ఎక్కువగా ఆ ఛందస్సులోనే ప్రసిద్ధికెక్కాయి. చదరంగపు పలక నుండి, పాచికల పీట నుండి, నాట్యశాల నుండి వచ్చిన పలుకులు ఈ విధంగా నిత్యవ్యవహారంలో స్థిరపడ్డాయి.

ఆట లక్షణం

ఆట అంటే ఏమిటి? ప్రశ్న సులభంగా కనిపిస్తుంది కాని సమాధానం సులభం కాదు. దాగుడుమూతలకూ చదరంగానికీ, బొంగరానికీ కబడ్డీకీ ఉమ్మడిగా ఉన్న ఒక్క లక్షణాన్ని వేలు పెట్టి చూపడం కష్టం. ఆస్ట్రియాలో జన్మించిన తత్త్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ ఈ కష్టాన్నే తన ఆలోచనకు ఆధారం చేసుకొన్నాడు. ఆయన మరణానంతరం 1953లో వెలువడిన గ్రంథంలో ఆటల మధ్య ఉన్న పోలిక ఒక కుటుంబంలోని వ్యక్తుల పోలిక వంటిదని వివరించాడు. ఒకరికి ముక్కు కలుస్తుంది, మరొకరికి నడక కలుస్తుంది, అందరికీ కలిసేది ఒక్కటంటూ ఉండదు. అయినా వారు ఒక ఇంటివారేనని చూసినవారికి తెలుస్తుంది. మాటల అర్థం కూడా వాటిని వాడుకొనే 'భాషాక్రీడ'లలోనే నిలిచి ఉంటుందని ఆయన సిద్ధాంతం.

నిర్వచనం కష్టమైనా కొన్ని ముఖ్య లక్షణాలను పెద్దలు గుర్తించారు. డచ్చి చరిత్రకారుడు యోహాన్ హైజింగా 1938లో 'హోమో లూడెన్స్' అనే గ్రంథాన్ని ప్రచురించాడు. 'క్రీడించే మానవుడు' అని ఆ పేరుకు అర్థం. ఆట స్వేచ్ఛగా స్వీకరించేది. నిత్యజీవితం నుండి కొంత స్థలాన్నీ కొంత కాలాన్నీ వేరుచేసుకొనేది. తనదైన నియమానికి కట్టుబడేది. న్యాయస్థానం, యాగశాల, రంగస్థలం కూడా గీత గీసి వేరుచేసిన స్థలాలే కదా అని ఆయన ప్రశ్నించాడు. సంస్కృతి నుండి ఆట పుట్టలేదనీ, సంస్కృతి ఆటగా ఆరంభమై ఆటలోనే పెరిగిందనీ ఆయన వాదం.

ఈ సిద్ధాంతంలోని సారమంతా తెలుగు పిల్లల పలుకుబడిలో ఇమిడి ఉన్నది. ఆట మొదలు కావడానికి ముందు పిల్లలు 'పంటలు' వేస్తారు. పండినవారు ఒక్కొక్కరే తప్పుకోగా చివర మిగిలినవాడు 'దొంగ'. పెద్దల తీర్పు అక్కరలేకుండానే అందరూ అంగీకరించే న్యాయవిధానమిది. లెక్కలోకి రాని దానిని 'ఉత్తుత్తి' అంటారు. చేసినదాన్ని రద్దు చేయవలసి వస్తే 'తూచ్' అంటారు. నియమం తప్పినవాడిది 'తొండి'. తొండి చేసేవాడికీ ఆట చెడగొట్టేవాడికీ భేదమున్నది. తొండి చేసేవాడు నియమాన్ని లోలోపల అతిక్రమించినా పైకి దానిని గౌరవిస్తున్నట్లు నటిస్తాడు. ఆట చెడగొట్టేవాడు నియమాన్నే నిరాకరించి గీతను చెరిపివేస్తాడు. పిల్లలకు మొదటివాడి మీద కోపం వస్తుంది, రెండవవాడి వల్ల ఆటే ఆగిపోతుంది. ఈ భేదాన్ని హైజింగా కూడా ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఇక 'ఆటలో అరటిపండు' అనే మాట మరింత మనోహరమైనది. నియమాలు తెలియని పసివాడు అన్నల వెంట వచ్చి ఆడతానని మారాం చేస్తాడు. వాడిని తరిమివేయరు, ఆటలో చేర్చుకొంటారు. కాని వాడు దొరికినా దొంగ కాడు, ఓడినా ఓటమి కాదు. నేడు ఆ మాటను లెక్కకు రానివాడు అనే హేళనార్థంలో వాడుతున్నారు. దాని పుట్టుకలో ఉన్నది హేళన కాదు. బలహీనుని కోసం నియమాన్ని సడలించి, ఆటను చెడనీయకుండా, వాడికి చోటు కల్పించిన ఔదార్యం అది.

బాల్యం – నియమం

పిల్లవాడు కర్రను రెండు కాళ్ల నడుమ పెట్టుకొని గుర్రమంటాడు. అది కర్ర అని వాడికి తెలుసు. తెలిసే గుర్రమంటాడు. ఒక వస్తువు దాని రూపం నుండి విడివడి మరొకదానికి సంకేతమయ్యే ఘట్టమిది. రష్యన్ మనోవిజ్ఞానవేత్త లెవ్ వైగోత్స్కీ ఈ ఉదాహరణనే తీసుకొని, అర్థాన్ని వస్తువు నుండి వేరుచేసి ఆలోచించే శక్తి బాలునికి ఆటలోనే అలవడుతుందని వివరించాడు. అక్షరం ధ్వనికి, అంకె సంఖ్యకు, రూపకం ఉపమేయానికి సంకేతం కావడం ఈ శక్తి పెరిగిన తరువాతి మాట. కర్రను గుర్రం చేయలేని బుద్ధి బీజగణితంలోని అక్షరాన్ని సంఖ్యగా భావించడానికి కూడా తడబడుతుంది.

స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే పిల్లల గోళీలాటను శ్రద్ధగా పరిశీలించి, 1932లో వెలువడిన తన గ్రంథంలో ఒక విశేషాన్ని వెల్లడించాడు. చిన్నపిల్లలు నియమాలను పెద్దల నుండి వచ్చిన మార్చరాని శాసనాలుగా భావిస్తారు. వయసు పెరిగిన కొద్దీ నియమం పరస్పర అంగీకారం వల్ల ఏర్పడేదనీ, అందరూ ఒప్పుకొంటే మార్చుకోవచ్చుననీ గ్రహిస్తారు. గోళీకి జానెడు దూరమా, మూరెడు దూరమా అని వీధిలో జరిగే వాదులాటను పెద్దలు కాలహరణమని విసుక్కొంటారు. నిజానికి ఆ వాదులాట ప్రజాస్వామ్యానికి ప్రథమ పాఠం. నియమం చేసుకోవడం, దానికి లోబడటం, అవసరమైనప్పుడు అందరి సమ్మతితో మార్చుకోవడం పౌరుడు నేర్వవలసిన విద్యలు.

ఆంధ్ర మహాభాగవత దశమస్కంధంలో పోతన బాలకృష్ణుని ఆటలను వర్ణించడానికి విస్తారంగా పద్యాలు కేటాయించాడు. వేదాంతులకు కూడా ఆట తక్కువ మాట కాలేదు. ఏ కొరతా లేని పరమాత్మ సృష్టిని ఎందుకు చేశాడనే ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు ఇచ్చిన సమాధానం 'లీల'. ప్రయోజనం కోరి చేసే పని కొరతను సూచిస్తుంది. నిండుదనం నుండి వెలువడేది లీల. జగత్తు పుట్టుకను వివరించడానికి భారతీయ తత్త్వచింతన ఎన్నుకొన్న ఉపమానం క్రీడ కావడం గమనింపదగిన విషయం.

నాలుగు తెరగులు

ఫ్రెంచి పండితుడు రోజే కైవా 1958లో ఆటలను నాలుగు తెరగులుగా విభజించాడు. పోటీ ప్రధానమైనవి, అదృష్టం ప్రధానమైనవి, అనుకరణ ప్రధానమైనవి, తలతిరుగుడు వల్ల కలిగే సంభ్రమం ప్రధానమైనవి అని ఆ నాలుగు. హైదరాబాదు నగరపు తూర్పు అంచున ఉన్న ప్రాంతం ఈ విభాగాన్ని అర్థం చేసుకోవడానికి చక్కగా ఉపకరిస్తుంది.

ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉన్నది. 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల మధ్య అక్కడ తొలి అంతర్జాతీయ ఒకరోజు పోటీ జరిగింది. 2010 నవంబరులో న్యూజీలాండ్‌తో తొలి టెస్టు జరిగింది. పోటీ ప్రధానమైన క్రీడకు అది నిలయం. దాని పొరుగున ఉన్న నాచారంలో నందమూరి తారక రామారావు రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియోను నెలకొల్పారు. ఒక మనిషి మరొకడుగా మారి, చూసేవారు ఆ మార్పును తెలిసి తెలిసి నమ్మే అనుకరణ క్రీడకు అది స్థానం. వీటికి ఎగువన కీసరగుట్ట ఉన్నది. విష్ణుకుండినుల కాలపు అవశేషాలు త్రవ్వకాలలో బయటపడిన ఆ గుట్ట మీద రామలింగేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది. భక్తి, ఉపవాసం, జాగరణ ఒకవైపు. రంగులరాట్నం, పీకలు, బొమ్మల దుకాణాలు మరొకవైపు జాతరకు రెండు ముఖాలు. ఉయ్యాల ఊగడం, గిరగిర తిరగడం, ఎత్తుకు లేచి దిగడం నాలుగవ తెరగు. హనుమంతుడు కాశి నుండి లింగాలు తెచ్చేసరికి రాముడు ప్రతిష్ఠ ముగించాడనీ, అలిగిన హనుమ వాటిని విసిరివేయగా గుట్టంతా చెదరిపడ్డాయనీ స్థలపురాణం. దైవకార్యంలోనూ అలకను, చేష్టను చూడగలిగిన ప్రజల ఊహ ఆటకు దూరమైనది కాదు.

మిగిలినది అదృష్టం ప్రధానమైన ఆట. దానికి ఒక స్థలం చూపనక్కరలేదు. అది ఎక్కడికైనా ప్రవేశించగలదు.

జూదం

ఋగ్వేదం పదవ మండలంలోని ముప్పది నాలుగవ సూక్తం జూదరి ఆవేదన. పాచికల మోజులో ఇల్లాలిని దూరం చేసుకొని, అప్పులపాలై, ఊరివారికి లోకువైనవాని దుఃఖం అందులో వినిపిస్తుంది. వ్యవసాయం చేసుకొని, ఉన్నదానితో తృప్తి పడుమనే హితవు కూడా అందులోనే ఉన్నది. ఆ కాలంలో తాండ్రకాయలను పాచికలుగా వాడేవారు.

మహాభారత సభాపర్వంలోని ద్యూతఘట్టాన్ని నన్నయ తెనిగించాడు. ధర్మరాజు ధర్మం తెలియనివాడు కాడు. పిలిచిన జూదానికి వెనుదీయరాదనే నియమాన్ని పట్టుకొని ఆయన సభకు వెళ్లాడు. ధనం పోయింది, రాజ్యం పోయింది, తమ్ములు పోయారు, తానూ పోయి, చివరకు ద్రౌపదిని పణంగా ఒడ్డాడు. ఓడినవాడు మరొకరిని ఒడ్డవచ్చునా అని ద్రౌపది వేసిన ప్రశ్నకు కురువృద్ధులు సమాధానం చెప్పలేకపోయారు. ఆట చుట్టూ గీసిన గీతను దాటి పందెం బయటి బ్రతుకును మింగడం ఆ ఘట్టంలోని విషాదం. పల్నాటి చరిత్రలోనూ ఇదే జరిగింది. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయునికీ మధ్య జరిగిన కోడిపందెం మాచెర్లవారికి ఏడేండ్ల వలసను తెచ్చిపెట్టి, కారెంపూడి రణానికి దారితీసిందని వీరగాథ చెబుతుంది. ఆ కథలోనే బాలచంద్రుడు బొంగరాలాడుతుండగా బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. ఆమె మందలింపుతోనే అతనికి తనవారు చేస్తున్న యుద్ధం సంగతి తెలుస్తుంది. ఒక ఆట యుద్ధాన్ని తెచ్చింది, మరొక ఆట వీరుణ్ణి దానిలోకి పంపింది.

అయితే జూదాన్ని గెలిచే మార్గం కూడా మహాభారతంలోనే సూచితమైంది. నలోపాఖ్యానంలో పుష్కరునికి రాజ్యం ఓడిన నలుడు, ఋతుపర్ణుని వద్ద బాహుకుడనే పేర సారథిగా ఉంటాడు. ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టును చూసి దాని ఆకులు, కాయలు ఎన్నో చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కించగా సరిపోతుంది. తన అశ్వహృదయ విద్యకు మారుగా నలుడు ఆయన నుండి అక్షహృదయ విద్యను గ్రహిస్తాడు. కొంత చూసి మొత్తాన్ని అంచనా వేయడానికీ, పాచికల మర్మానికీ సంబంధమున్నదని ఆ కథకుడు గుర్తించడం విశేషం. కాయలే పాచికలైన చెట్టు దగ్గరనే ఆ విద్య చేతులు మారడం మరింత విశేషం. ఐరోపాలో 1654లో పాస్కల్, ఫెర్మా అనే గణితవేత్తలు మధ్యలో ఆగిపోయిన ఒక జూదపుటాటలో పణాన్ని న్యాయంగా పంచడమెట్లా అనే ప్రశ్నపై లేఖలు వ్రాసుకొన్నారు. సంభావ్యతా సిద్ధాంతం ఆ లేఖలతో రూపుదిద్దుకొన్నది. బీమా, వాతావరణ సూచన, వైద్య పరిశోధన నేడు ఆ గణితం మీద ఆధారపడి ఉన్నాయి.

నైపుణ్యమెక్కడ ముగుస్తుంది, అదృష్టమెక్కడ మొదలవుతుంది అనే ప్రశ్న న్యాయస్థానాలకూ చేరింది. సికింద్రాబాదుకు చెందిన ఒక క్లబ్బు వ్యవహారంలో 1960వ దశకం చివర సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, పేకముక్కలను జ్ఞాపకం ఉంచుకొని పేర్చవలసిన రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని పేర్కొన్నది. కాలం మారి పేక చరవాణి తెరపైకి చేరింది. ఆడేవాడి ఎదుట తోటి మనిషి ముఖం లేదు, లేచి పొమ్మనే ఇంటివారు లేరు, ఆట ముగిసే వేళ లేదు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా అటువంటి ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సరిహద్దు గీయగలదు. గీతకు ఇవతల నిలబడే నిగ్రహం మాత్రం వ్యక్తికి బాల్యం నుండే అలవడాలి.

బుద్ధిక్రీడ

గుడి అరుగుల మీద, చావడి బండల మీద చెక్కిన పులిజూదపు గీతలు అనేక గ్రామాల్లో నేటికీ కనిపిస్తాయి. ఎక్కువగా కనిపించే రూపంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పులి మేకను దాటి చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు. కాని మేకలు ఒకదాన్ని ఒకటి ఆనుకొని నిలిచి పులుల కదలికను బంధిస్తే గెలుపు వాటిదే. బలం అసమానంగా ఉన్నచోట అల్పబలులకు ఐకమత్యమే ఆయుధమని ఈ ఆట ఉపన్యాసం లేకుండా బోధిస్తుంది. వామనగుంటలు లెక్కను, అచ్చనగాయలు కంటికీ చేతికీ మధ్య ఉండవలసిన పొందికను, వైకుంఠపాళి పుణ్యపాపాల ఫలితాన్ని నేర్పుతాయి. చతురంగం భారతదేశంలో పుట్టి పారశీకం, అరబ్బు దేశాల మీదుగా ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ విద్యలో తెలుగువారి కృషి కొనసాగుతూనే ఉన్నది. పెండ్యాల హరికృష్ణ 2001లోనూ, కోనేరు హంపి 2002లోనూ గ్రాండ్‌మాస్టర్లయ్యారు. హంపి 2019, 2024 సంవత్సరాల్లో ప్రపంచ ర్యాపిడ్ చదరంగంలో మహిళా విజేతగా నిలిచింది. వరంగల్లుకు చెందిన అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగును దాటాడు.

తెలుగువారు ఆటకూ ఆలోచనకూ మధ్య ఉన్న గోడను తొలగించి నిర్మించుకొన్న అపూర్వ ప్రక్రియ అవధానం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. నిషిద్ధాక్షరిలో అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు అడుగడుగునా నిషేధిస్తాడు. సమస్యలో అర్థం పొసగని పాదమిచ్చి, దానిని పొసగించుమంటాడు. దత్తపదిలో ఒకదానికొకటి పొత్తు కుదరని పదాలను ఒకే పద్యంలో ఇముడ్చుమంటాడు. అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని మాటలతో ఏకాగ్రతను చెదరగొడతాడు. ఇన్ని అడ్డంకులను దాటి, చివరకు పద్యాలన్నిటినీ ధారణతో అప్పగించాలి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటకవులుగా తిరుపతి వేంకటకవులన్న పేర ఈ విద్యను ఊరూరా ప్రదర్శించి అసంఖ్యాకులను కవిత్వం వైపు మళ్లించారు.

అవసరం లేని అడ్డంకులను కోరి కల్పించుకొని వాటిని దాటే ప్రయత్నమే ఆట అని తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో నిర్వచించాడు. ఆ నిర్వచనానికి నిషిద్ధాక్షరిని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. పద్యం చెప్పడమే ప్రయోజనమైతే అక్షరాన్ని నిషేధించడమెందుకు? నిషేధం వల్ల అలవాటైన దారి మూసుకుపోతుంది. అప్పటివరకు తలచని పదం తలపునకు వస్తుంది. ఛందస్సు చేసే పని కూడా ఇదే. యతి, ప్రాస కవికి సంకెళ్లు కావు. కవి కోరి ప్రవేశించిన క్రీడాస్థలపు గీతలు.

ఓటమి

2009 నవంబరు 5న ఉప్పల్ స్టేడియంలో ఆస్ట్రేలియా భారత జట్టుకు 351 పరుగుల లక్ష్యాన్నిచ్చింది. సచిన్ తెండూల్కర్ 141 బంతుల్లో 175 పరుగులు చేశాడు. ఒకరోజు పోటీల్లో పదిహేడు వేల పరుగుల మైలురాయిని ఆనాడే దాటాడు. విజయం చేతికందబోతున్న వేళ ఆయన అవుటయ్యాడు. భారత జట్టు 347 పరుగుల వద్ద ఆగిపోయి మూడు పరుగుల తేడాతో ఓడింది. ఫలితమే సర్వస్వమైతే ఆ దినాన్ని మరచిపోవాలి. కాని క్రీడాభిమానులు దానిని మరవలేదు. అదే మైదానంలో సాధించిన పలు విజయాల కంటె ఎక్కువగా తలచుకొంటారు.

దీనిలో ఒక సత్యమున్నది. ఆటలో గెలవాలనే పట్టుదల లేకపోతే ఆట లేదు. గెలుపు ఒక్కటే లక్ష్యమైతే కూడా ఆట లేదు. అది వ్యాపారమో యుద్ధమో అవుతుంది. పూర్ణశక్తితో ప్రయత్నించి, ఓడి, ప్రత్యర్థి చేయి కలిపి, మరునాడు మరల మైదానానికి రావడం ఆట మాత్రమే నేర్పగల విద్య. ఓటమిని కొద్దికొద్దిగా, ప్రాణానికి ముప్పు లేని చోట, పదే పదే రుచి చూపి మనసును గట్టిపరిచే సాధనం ఇంతకు మించినది లేదు. ఆ అభ్యాసం లేనివానికి మొదటి ఓటమి పరీక్షా ఫలితాల రూపంలో ఎదురైతే, అది ఒక ఆటలోని ఓటమి వలె కాక బ్రతుకే ముగిసినట్లు తోస్తుంది. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వేళ తెలుగునాట ఎన్నో ఇండ్లలో కలిగిన గర్భశోకాన్ని తలచుకొంటే, ఈ మాట కేవలం సిద్ధాంతచర్చ కాదని తెలుస్తుంది. ఆ దుఃఖానికి కారణాలు అనేకం. ఆట లేకపోవడమొక్కటే కారణమనడం తొందరపాటు. కాని ఓడి లేచే అలవాటును కోల్పోయిన బాల్యం కూడా ఆ కారణాల సరసన లెక్కింపదగినదే.

నేటి స్థితి

ఆట పిల్లల హక్కు అని 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ప్రకటించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. 2024 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ జూన్ 11ను అంతర్జాతీయ క్రీడాదినంగా, అంటే ఆటలాడే హక్కును స్మరించే దినంగా ప్రకటించింది. భారతదేశపు 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఆటస్థలం ఉండాలని తన షెడ్యూలులో పేర్కొన్నది. అయితే ఆ చట్టం ఆరు నుండి పద్నాలుగేండ్ల వయసు వారికి వర్తిస్తుంది. ఇంటర్మీడియట్ విద్యార్థి వయసు పదహారు, పదిహేడు. చట్టం దృష్టికి అతడు ఆట వయసు దాటినవాడు. ఒడంబడిక దృష్టికి పద్దెనిమిది నిండే వరకు బాలుడే. ఈ రెండింటి నడుమ అంతస్తుల భవనంలో, ఉదయం నుండి రాత్రి వరకు తరగతి గదిలో కూర్చున్న విద్యార్థి ఉన్నాడు.

ఒకప్పుడు ఊరి నడుమ ఖాళీజాగా, చెరువుగట్టు, గుడి ఆవరణ ఆటస్థలాలు. చిర్రగోనె, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, చెడుగుడు వాటి మీదనే బ్రతికాయి. నగరం పెరిగి ఖాళీజాగా ధర పలికింది. ఆట ఇంటిలోనికి, ఇంటి నుండి తెరలోనికి కుదించుకుపోయింది. తెర మీది ఆటలన్నీ చెడ్డవి కావు. బుద్ధికి పదునుపెట్టేవీ ఉన్నాయి. కాని అందులో నియమాలను యంత్రం ముందే నిర్ణయించి ఉంచుతుంది. జానెడా మూరెడా అని వాదించడానికి చోటు లేదు. 'తూచ్' అనడానికి తోడు లేదు. అరటిపండును చేర్చుకొనే ఔదార్యానికి తావు లేదు.

ప్రతి విద్యార్థీ క్రీడాకారుడు కావాలని ఎవరూ కోరరు. దినానికి ఒక గంట కాలం ఎవరి మెప్పుకూ మార్కులకూ సంబంధం లేకుండా తోటివారితో ఆడుకొనే అవకాశం కళాశాలలో ఉండాలని కోరడం మాత్రం అతిశయం కాదు. చదువు మనిషికి సమాధానాలను నేర్పుతుంది. ఆట నియమాన్ని గౌరవించడం, ఎదుటివానిని అంచనా వేయడం, ఓర్మితో ఓడటం, గర్వం లేకుండా గెలవడం నేర్పుతుంది. ఈ రెండవ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. దానికి కావలసినవి కొంత నేల, కొంత వేళ, నలుగురు తోడు.

పదవిజ్ఞానం

తెరగు : విధం
పణం : పందెంగా ఒడ్డిన ధనం లేక వస్తువు
ద్యూతం : జూదం
అక్షం : పాచిక
అక్షహృదయం : పాచికల మర్మం తెలిపే విద్య
అశ్వహృదయం : గుర్రాల మర్మం తెలిపే విద్య
పృచ్ఛకుడు : అవధానంలో ప్రశ్న వేసేవాడు
ధారణ : విన్నదానిని మనసులో నిలుపుకొనే శక్తి
లీల : ప్రయోజనాపేక్ష లేని క్రీడ
సంభావ్యత : ఒక ఘటన జరిగే అవకాశపు పరిమాణం
తాండ్ర : ఒక వృక్షం, విభీతకం
ఓర్మి : సహనం

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తెలుగు నుడికారంలో ఆటకు గల స్థానాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. ఆట జూదంగా మారినప్పుడు కలిగే అనర్థాలను మహాభారత, పల్నాటి గాథల ఆధారంగా చర్చించండి.
3. అవధానం ఆటా, కవిత్వమా? సకారణంగా వ్రాయండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. తొండి చేసేవాడికీ ఆట చెడగొట్టేవాడికీ గల భేదమేమి?
2. గోళీలాట ద్వారా పియాజే గమనించిన విశేషం ఏది?
3. పులిజూదం బోధించే నీతిని తెలపండి.
4. నలుడు అక్షహృదయ విద్యను పొందిన విధమెట్టిది?

భాషాంశం
'ఆడు' చివర గల పది క్రియలను సేకరించి, వాటిలో క్రీడ, చలనం, పలుకు అనే అర్థాలు గల వాటిని వేరు చేయండి.

ప్రాజెక్టు పని
మీ ప్రాంతపు పెద్దలను అడిగి, నేడు మరుగున పడిన ఒక ఆట పేరు, దాని నియమాలు, అందులో వాడే ప్రత్యేక పదాలు సేకరించి వ్రాయండి. తరువాత మిత్రులతో కలిసి ఆ ఆట ఆడి, నియమాల విషయంలో ఎదురైన సందేహాలను ఎట్లా పరిష్కరించుకొన్నారో తెలపండి.